పేకాట, పందేలతో బతకడం వృత్తి అవుతుందా? దానివల్ల సమాజానికి ఏమైనా ఒరుగుతుందా?

#1 ముక్కల_లెక్క

ఆన్‌లైన్ డబ్బాటల మీద 2025 చట్టం వచ్చాక రెండు మాటలే వినబడుతున్నాయి. తెలివితో ఆడి సంపాదించుకునేవాళ్ల పొట్ట కొట్టారని ఒకటి, పీడ విరగడైందని ఇంకొకటి. చట్టాన్ని కాసేపు పక్కనపెడదాం. ఒక మనిషి ఏడాది పొడుగునా క్రమంగా గెలుస్తున్నాడు. మోసం చెయ్యడు, అప్పు చేసి ఆడడు, పన్ను ఎగ్గొట్టడు. ఆ సంపాదన ధర్మమైనదేనా? ఈ చర్చలో అది తేల్చుకుందాం.

ముందు డబ్బు ఎటునుంచి ఎటు పోతుందో చూద్దాం. పాయింట్ల రమ్మీ, పదమూడు ముక్కలు, ఆరుగురి బల్ల, పాయింటుకి రూపాయి. ముక్క తీయకముందే డ్రాప్ అయితే, అంటే ఆట వదిలేస్తే, 20 పాయింట్లు పోతాయి, మధ్యలో వదిలేస్తే 40, పూర్తిగా ఓడితే (ఫుల్ కౌంటు) 80. ఆటకి సగటున 150 పాయింట్లు గెలిచినవాడి వైపు వస్తాయనుకోండి. నడిపేవాడు 10% కోస్తే 15 రూపాయలు పోతాయి. వంద ఆటలకి బల్ల మీంచి 1,500 లేచిపోయినట్టు. ఆరుగురూ సమ ఉజ్జీలైతే తలా 250 నష్టం. బల్ల సగటు కంటే ఆటకి రెండున్నర పాయింట్లు మెరుగ్గా ఆడేవాడికి కూడా అసలే మిగులుతుంది తప్ప లాభం లేదు.

ఇప్పుడు ఒకడు ఆ వంద ఆటల్లో 2,000 మిగుల్చుకున్నాడంటే మిగతా ఐదుగురు కలిసి 3,500 పోగొట్టుకోవాలి. గెలిచేవాడి చేతికి రూపాయి రావాలంటే ఎదుటివాళ్ల జేబుల్లోంచి రూపాయి ముప్పావలా పోవాలి.

ఆ 3,500 ఎందుకు పోతాయన్నది కూడా ముఖ్యమే. ఆడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు డ్రాప్ కాకపోవడం. పై లెక్కలో కోత పోను గెలిస్తే 135 వస్తాయి, ఓడితే సగటున 45 పోతాయనుకుంటే, గెలుపు అవకాశం దాదాపు 14% కంటే తక్కువున్నప్పుడు 20 ఇచ్చి లేవడమే లాభం. జోకరు లేని వరుసకి, అంటే నేచురల్ సీక్వెన్స్‌కి దారి లేని చేయి, జోకర్లు లేని చేయి చాలాసార్లు ఆ గీతకి కిందే ఉంటుంది. అయినా కూర్చుంటారు. రాజులు, రాణులు చేతిలో పట్టుకుని మూడు రౌండ్లు ఎదురుచూస్తారు. ఎదుటివాడు ఏ ముక్క ఎత్తుకున్నాడో చూడకుండా దాని పక్క ముక్కే వేస్తారు. వృత్తి ఆటగాడి జీతం ఈ తప్పుల్లోంచే వస్తుంది.

#2 కోర్టు_మెట్లు

చట్టాన్ని పక్కనపెట్టినా, కోర్టులు ఏం చెప్పాయో ఒకసారి చూడక తప్పదు. "సుప్రీంకోర్టే రమ్మీ తప్పు కాదంది" అన్న వాక్యం మీద చాలా బరువు వేస్తున్నారు.

ఆ తీర్పు మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోదే, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె.సత్యనారాయణ. 1967 నవంబరులో వచ్చింది, పుస్తకాల్లో 1968 కింద ఉంటుంది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచాలో ఏది వెయ్యాలో తెలియాలని, అందుకే నైపుణ్యం పాలు ఎక్కువని కోర్టు చెప్పింది. క్లబ్బు వసతులకి చిన్న రుసుము తీసుకున్నంత మాత్రాన జూదగృహం అయిపోదంది. కానీ ఆ ఆట మీద నిర్వాహకులు లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో సగాన్ని ఎవరూ ఎత్తరు.

1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో జూదం వాణిజ్యం కిందికే రాదని, దానికి రాజ్యాంగంలోని వ్యాపార స్వేచ్ఛ వర్తించదని తేల్చారు. రుగ్వేదంలోని జూదరి సూక్తాన్ని, మహాభారతాన్ని కూడా ఆ తీర్పులో ప్రస్తావించారు. 1996లో కె.ఆర్.లక్ష్మణన్ కేసులో గుర్రప్పందెం నైపుణ్యపు ఆటేనన్నారు. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు మార్చి ఆన్‌లైన్ పందెం ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ నైపుణ్యం, అదృష్టం గీతనే తుడిచేసింది. డబ్బు కట్టి, డబ్బు వస్తుందన్న ఆశతో ఆన్‌లైన్లో ఆడేది ఏదైనా ఒకటే. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన ఇచ్చినవాడికి రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆడేవాడికి శిక్ష లేదు.

నైపుణ్యం ఉందా లేదా అన్నది నేరమా కాదా తేల్చడానికి కోర్టులు గీసుకున్న గీత. ధర్మమా కాదా అన్న ప్రశ్నకి దాంతో జవాబు రాదు. బలహీనుణ్ణి ఓడించడానికీ నైపుణ్యం కావాలి.

#3 బ్యాంక్‌రోల్

ముక్కల_లెక్క అన్నా, మీ లెక్కతో గొడవ లేదు. దానినుంచి తప్పు అన్న మాటకి ఎలా వెళ్తారో చెప్పండి.

చదరంగం టోర్నీలో ప్రవేశ రుసుములన్నీ కలిపి బహుమతులిస్తారు. నిర్వాహకుడు తన ఖర్చు తీసుకుంటాడు. అక్కడా ఓడినవాళ్ల డబ్బే గెలిచినవాడికి పోతుంది, మరి ఎవరూ నొచ్చుకోరు కదా. ఓడినవాడు ఆడిన ఆనందానికి వెల కట్టాడంటాం. నెలకి 500 రూపాయలు రమ్మీ మీద పెట్టే ఉద్యోగి కూడా అంతే.

రెండోది, ఇది తేరగా వచ్చే డబ్బు కాదు. పోకర్‌లో వంద చేతులకి, అంటే వంద పంపకాలకి, ఐదు బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పందెం) గెలిచేవాడు మంచి ఆటగాడు. కానీ ఆరుగురి బల్లలో వంద చేతుల ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, 90 బ్లైండ్ల దగ్గర ఉంటుంది. లక్ష చేతులాడితే రావాల్సింది 5,000 బ్లైండ్లు, ఊగిసలాట దాదాపు 2,850. అంటే నిజంగా మంచి ఆటగాళ్లలో కూడా లక్ష చేతుల తర్వాత నూటికి నలుగురి దాకా ఇంకా నష్టంలోనే ఉంటారు. అందుకే బల్ల మీద పెట్టే మొత్తానికి కనీసం 40, 50 రెట్లు విడిగా ఉంచుకుని, ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఆర్నెల్లకి సరిపడా పెట్టుకుని ఆడతారు. ఈ క్రమశిక్షణ ఉన్నవాణ్ణి తాగి మూడు ముక్కలాడేవాడితో ఒక గాటన కట్టకూడదు.

మూడోది, స్టాక్ మార్కెట్. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్ల) మార్కెట్లో ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో 93% మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. అవతల గెలిచిన సంస్థలకి మర్యాద, ఇవతల పేకాటలో గెలిచినవాడికి అవమానం. ఈ తేడా ఎందుకో ఎవరైనా చెప్పాలి.

#4 ఆడిట్_బల్ల

ఈ ప్రశ్న పన్ను కోర్టుల ముందుకు నేరుగా వచ్చింది. బ్యాంక్‌రోల్ గారు తప్పక చదవాల్సిన కేసులు రెండున్నాయి.

అమెరికాలో గ్రోట్‌జింగర్ కేసు, 1987. ఉద్యోగం పోయాక 1978లో కుక్కల పందేల మీద వారానికి 60 నుంచి 80 గంటలు పనిచేసిన మనిషి. ఆ ఏడాది 72,032 డాలర్లు పందెం కాసి 70,000 వెనక్కి తెచ్చుకున్నాడు. నికరం 2,032 నష్టం. ఇది వృత్తేనా అన్నది ప్రశ్న. ఇతరులకి ఒక వస్తువో సేవో అందించేవాడిదే వ్యాపారం అని ప్రభుత్వం వాదించింది. అక్కర్లేదు, జీవనోపాధి కోసం నిజాయితీగా, క్రమంగా, నిరంతరం చేస్తే చాలు అంది సుప్రీంకోర్టు. అంటే సమాజానికి ఏమీ అందించకపోయినా వృత్తి అనిపించుకోవచ్చు. అది వృత్తే అన్నంత మాత్రాన మేలు చేసినట్టు కాదు.

బ్రిటన్లో 1925 నాటి గ్రాహం వర్సెస్ గ్రీన్ దీనికి పూర్తిగా ఎదురు. ఇంట్లో కూర్చుని గుర్రాల మీద కాసి బతికేవాడి మీద పన్ను వెయ్యలేమన్నారు. పందెం అంటే ఏదో ఒకటి జరిగితే ఒకరు ఇంకొకరికి డబ్బివ్వాలన్న హేతువు లేని ఒప్పందం, అందులో వ్యాపారం ఏముంది అన్నది జడ్జి మాట.

మనదగ్గర ఇంకో రకం. పేకాట, గుర్రప్పందేల గెలుపు మీద 1961 ఆదాయపు పన్ను చట్టం 115బీబీ సెక్షన్ కింద 30%, ఆపైన సెస్సు. ఖర్చులు, నష్టాలు తీసెయ్యనివ్వరు. ఏడాదిలో 10 లక్షలు గెలిచి 8 లక్షలు ఓడినవాడి పన్ను 10 లక్షల మీదే, సెస్సుతో కలిపి 3.12 లక్షలు. మిగిలింది 2 లక్షలు. కాబట్టి అన్నీ పద్ధతిగా చూపించి పన్ను కట్టే వృత్తి పందెగాడు మన దేశంలో దాదాపు అసాధ్యం. ఆన్‌లైన్‌కి 2023 నుంచి 115బీబీజే కింద నికర గెలుపు మీదే పన్ను ఉండేది. అయితే అదే ఏడాది అక్టోబరు 1 నుంచి కట్టిన ప్రతి రూపాయి మీద 28% జీఎస్టీ వచ్చింది. 100 రూపాయలు వేస్తే ఆటకి చేరేది 78 రూపాయల చిల్లర.

ముక్కల_లెక్క గారు మొదట్లో పెట్టిన "పన్ను ఎగ్గొట్టడు" అన్న షరతు ఎంత గట్టిదో దీన్ని బట్టి చూసుకోండి.

#5 మనోబలం

చదరంగం పోలికకి జవాబు చెప్తాను. వ్యసన చికిత్స వైపు నుంచి చూస్తే రెంటికీ తేడా నష్టం పంచుకునే తీరులో ఉంది. టోర్నీలో ఓడినవాళ్లందరికీ పోయేది ఒకే రుసుము. జూదంలో అలా కాదు. చాలామంది కొద్దిగా పోగొట్టుకుంటారు, కొద్దిమంది ఇల్లే పోగొట్టుకుంటారు. బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ 2020 నివేదికలో ఈ మాట సూటిగా ఉంది: పరిశ్రమ లాభాల్లో 60% వచ్చేది 5% మంది నుంచి. ఆ 5% వ్యసనంలో పడ్డవాళ్లు, పడబోతున్నవాళ్లు. మీ నెలకి 500 పెట్టే ఉద్యోగి బల్ల దగ్గర ఉంటాడు, నిజమే. కానీ గెలిచేవాడి ఇల్లు అతని 500తో గడవదు.

జూద వ్యసనాన్ని 2013లో వచ్చిన మానసిక వ్యాధుల గుర్తింపు పుస్తకం డీఎస్‌ఎం-5 మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల పక్కన చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో ఏడాదిలో నాలుగు కనిపిస్తే వ్యసనం. ఇంట్లోవాళ్లు పోల్చుకోగలిగేవి: పోయింది రాబట్టాలని మర్నాడే మళ్లీ కూర్చోవడం, అదే ఉత్సాహానికి పందెం పెంచుతూ పోవడం, ఆపితే చిరాకు, ఎంత పోయిందో దాచడం, అప్పు తీర్చమని వేరేవాళ్ల మీద పడటం.

ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. అప్పంతా ఒకేసారి తీర్చేసి "ఇకపై వద్దు" అని ఒట్టు వేయించుకుంటారు. చేతిలో అప్పు భారం తగ్గగానే లోన్ యాప్‌లో మళ్లీ పరపతి పుడుతుంది, ఆరు నెలల్లో అదే గుంట. చెయ్యాల్సింది వేరు. ముందు జీతం ఖాతా జీవితభాగస్వామితో ఉమ్మడి చెయ్యాలి, యూపీఐ రోజువారీ పరిమితి బ్యాంకు యాప్‌లో వెయ్యి, రెండు వేలకి దించాలి, క్రెడిట్ కార్డు ఆన్‌లైన్ వాడకం ఆపెయ్యాలి, క్రెడిట్ రిపోర్టు తీసి ఎన్ని యాప్‌లలో అప్పుందో కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత చికిత్స మొదలుపెట్టి, అప్పు వాయిదాల్లో అతని సంపాదనలోంచే తీర్చాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు అడగరు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట నోటివెంట వస్తే అప్పు సంగతి తర్వాత, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

#6 బ్యాంక్‌రోల్

మేడమ్, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఆ 5% మందిని బల్ల దగ్గరికి తెచ్చింది బోనస్‌లు, ప్రకటనలు. వృత్తి ఆటగాడు కాదు. అతను రాకపోయినా వాళ్లు ఆడతారు, ఇంకొకడికి పోగొట్టుకుంటారు.

#7 ముక్కల_లెక్క

తమ్ముడూ, "నేను తీసుకోకపోతే ఇంకొకడు తీసుకుంటాడు" అన్నది దొంగసొత్తు కొనేవాడు కూడా చెప్తాడు. దాన్ని వదిలెయ్. బల్ల ఎంచుకోవడం సంగతి మాట్లాడుకుందాం.

గెలవడంలో సగం విద్య ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియడమే అని ఈ ఆట తెలిసినవాళ్లందరూ చెప్తారు. ఎవరు ప్రతి చేయీ ఆడుతున్నారు, ఎవరు ఓడగానే పాయింటు విలువ పెంచుతున్నారు, ఎవరు అర్ధరాత్రి దాటాక కూడా లేవట్లేదు అని నోట్సు రాసుకుని మరీ వాళ్ల పక్కన సీటు పడతారు. మనోబలం గారు చెప్పిన లక్షణాల పట్టీ, ఈ నోట్సు పక్కపక్కన పెట్టి చూడు. రెండూ ఒకే మనిషిని వెతుకుతున్నాయి. ఒకటి కాపాడటానికి, ఇంకొకటి సంపాదించడానికి. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. గెలవడంలో తప్పు లేదు. ఓడిపోతూ ఆపుకోలేని మనిషిని వెతుక్కుంటూ వెళ్లడం దినచర్య కావడంలో ఉంది తప్పు. సమ ఉజ్జీలతో మాత్రమే ఆడతానంటే #1లో చూసినట్టు కోతకే అయిపోతాడు. కాబట్టి రమ్మీ, పోకర్‌లలో వృత్తి అన్నది ఆ వెతుకులాట లేకుండా నిలవదు.

#8 పదకొండో_టేబుల్

క్యాసినోకి ఎదురాడేవాళ్ల సంగతి వేరుగా చూడాలి. అక్కడ ఎదుట ఉన్నది బలహీనుడు కాదు, తన వైపు లెక్క కట్టుకుని కూర్చున్న సంస్థ.

బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కపెట్టడం తీసుకోండి. 2 నుంచి 6 దాకా పడితే ఒకటి కలపాలి, 7, 8, 9కి సున్నా, 10 నుంచి ఏస్ దాకా ఒకటి తీసెయ్యాలి. వచ్చిన అంకెని ఇంకా మిగిలిన పేకల సంఖ్యతో భాగిస్తే అసలు లెక్క. అది రెండు దాటితే పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలాయని అర్థం, అప్పుడు పందెం పెంచాలి. పద్ధతిగా ఆడేవాడి మీద క్యాసినోకి అర శాతం మొగ్గుంటే, లెక్కపెట్టేవాడు దాన్ని తిప్పి ఒక శాతం దాకా తన వైపు తెచ్చుకుంటాడు. ఎదుటివాడి కళ్లముందు పడిన ముక్కల్నే గుర్తుపెట్టుకున్నాడు, ఎవరినీ మోసగించలేదు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో ఉస్టన్ కేసులో, లెక్కపెడుతున్నాడని క్యాసినో తనంతట తాను గెంటెయ్యడం కుదరదంది. నెవాడాలో మాత్రం గెంటెయ్యొచ్చు.

కానీ గీత ఎక్కడ పడుతుందో పోకర్ ఆటగాడు ఫిల్ ఐవీ కేసులో తెలిసింది. 2012లో లండన్ క్యాసినో క్రాక్‌ఫర్డ్స్‌లో 77 లక్షల పౌండ్లు గెలిచాడు. ముక్కల వెనక అచ్చు అంచుల్లో సమానంగా లేదని గమనించి, మూఢనమ్మకం అని చెప్పి కొన్ని ముక్కల్ని డీలరు చేతే తిప్పించాడు. ఆ తర్వాత వెనకవైపు చూసే ముక్క ఏమిటో తెలిసిపోతుంది. క్యాసినో డబ్బివ్వలేదు. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు అది మోసమేనంది. గమనించడం వరకు తెలివి, డీలరుని నమ్మించి ఆట అమరికనే మార్చుకోవడం మోసం. నాకు ఆ తీర్పు సబబుగానే కనిపిస్తుంది.

#9 మలక్‌పేట_రైలింగు

గిదంతా మంచిగనే ఉంది గానీ అన్నా, రేసుల సంగతి ఎవ్వరూ ఎత్తలే.

టోట్‌ల ఆడేటోడు క్లబ్బు మీద ఆడడు, పక్కనోని మీద ఆడతడు. టోట్ అంటే అందరి పైసలు ఒక్కకాడ కుప్పేసి, కోత పోంగ గెలిచినోళ్లకు పంచుడు, గా కుప్పే పూల్. లక్ష రూపాయల పూల్ అనుకో, అన్ని కోతలు కలిపి 20% పోయినయనుకో, పంచేది 80,000. ఒక గుర్రం మీద 20,000 ఉంటే రూపాయికి నాలుగొస్తయ్. జనం ఆ గుర్రానికి 20% అవకాశం ఇచ్చిన్రు, నీకు గిట్టుబాటు కావాలంటే అసలు అవకాశం 25% దాటాలె. సరే, దాటిందని 5,000 కొట్టినవ్. ఇప్పుడు పూల్ 1,05,000, పంచేది 84,000, గుర్రం మీద 25,000. రూపాయికి 3.36 అయింది, గిట్టుబాటు గీత 30% దగ్గరికి పోయింది. నీ పైసలే నీ ధరను కొట్టేస్తయ్. అందుకే చిన్న పూల్‌ల వృత్తి చేసుడు కాదు. హాంకాంగ్‌ల బిల్ బెంటర్ కంప్యూటర్ల మీద గెలిచిండంటే అక్కడి పూల్ గంత పెద్దది కాబట్టే.

గుర్రాలు చూసే సాయిసులు, జాకీలు, ట్రైనర్లు, గడ్డి అమ్మేటోళ్లు బతికేది పందెం పైసల కోతల మీదనే. గది నిజం. కానీ ఆ కోత ఓడేటోడు కట్టినా, గెలిచేటోడు కట్టినా ఒక్కటే. వృత్తి పందెగాడు లేకున్నా సాయిసుకు జీతం వస్తది.

#10 ఆడిట్_బల్ల

బ్యాంక్‌రోల్ గారి ఎఫ్ అండ్ ఓ ప్రశ్న మిగిలిపోయింది.

ఎఫ్ అండ్ ఓ, అంటే డెరివేటివ్ అంగడికి ఒక పని ఉంది. షేర్లు పట్టుకున్న ఫండు ధర పడుతుందని భయపడి పుట్ (ముందే అనుకున్న ధరకి అమ్మే హక్కు) కొంటుంది, రుసుము ఇచ్చి ఆ భయాన్ని ఇంకొకడికి అప్పగిస్తుంది. పేకముక్కల్లో అలా ముందే ఉన్న నష్టభయం ఏదీ లేదు, ఆట మొదలుపెట్టాకే పుడుతుంది. అయితే వారపు ఆప్షన్లో గడువు రోజున పది నిమిషాలకి కొని అమ్మే వ్యక్తికీ ఈ మాట వర్తించదు. అతను చేసేది జూదమే. సెబీ 2024 నవంబరు నుంచి ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీకే వారపు గడువు ఉంచి, కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలకి పెంచింది అందుకే. మీరడిగిన తేడా అక్కడ చాలా తక్కువ. దానర్థం ట్రేడర్ని కూడా నిలదీయాలని. పేకాట మంచిదైపోదు.

#11 కోర్టు_మెట్లు

సమాజానికి మేలు అనగానే 1654లో గణితవేత్తలు పాస్కల్, ఫెర్మాల ఉత్తరాల్ని తెస్తారు. పందెం మధ్యలో ఆగితే సొమ్ము ఎలా పంచాలన్న ప్రశ్నలోంచి సంభావ్యతా శాస్త్రం మొదలైంది, నిజమే. 1956లో బెల్ ల్యాబ్స్‌లో కెల్లీ పందెం పరిమాణానికి సూత్రం ఇచ్చాడు. సరిపందెంలో గెలుపు అవకాశం 53% అయితే మూలధనంలో 6% మించి కాయకూడదని ఆ లెక్క. పెట్టుబడుల్లో ఇప్పటికీ వాడతారు. ఎడ్వర్డ్ థార్ప్ 1960ల మొదట్లో బ్లాక్‌జాక్ లెక్క తేల్చాడు.

వీటిలో మనకి మిగిలింది ఎవరో గెలిచిన డబ్బు వల్ల కాదు, వాళ్లు తెలుసుకున్నది రాసి అచ్చు వేయడం వల్ల. వృత్తి పందెగాడికి సరిగ్గా దీనికి విరుద్ధమైన అవసరం ఉంటుంది. తనకి తెలిసింది ఇంకొకడికి తెలిస్తే ఆదాయం పోతుంది. దాచుకోవడమే అతని వ్యాపారం.

#12 బ్యాంక్‌రోల్

రమ్మీ బల్లల విషయంలో మీతో ఇంకా పూర్తిగా ఏకీభవించను. సమ్మతితో ఆడే పెద్దవాళ్ల మధ్య మూడోవాడికి పనేమిటన్న ప్రశ్న అలాగే ఉంది. ఒక్క ఉపయోగకరమైన విషయం అడుగుతాను. ఇక్కడి యాప్‌లు మూతపడ్డాక చాలామంది వీపీఎన్ పెట్టుకుని విదేశీ సైట్లకి పోతున్నారు. ఆడేవాడికి శిక్ష లేదు కదా అంటున్నారు. చట్టం తెలిసినవాళ్లు జవాబివ్వండి.

#13 కోర్టు_మెట్లు

శిక్ష లేదన్నది 2025 కేంద్ర చట్టం వరకే. తెలంగాణ, ఆంధ్ర గేమింగ్ చట్టాల కింద ఆడినవాడి మీదా కేసు పెట్టొచ్చు. డబ్బు పంపడానికీ దారి లేదు. లాటరీలు, స్వీప్‌స్టేక్‌ల వంటి వాటికి విదేశాలకి సొమ్ము పంపడం విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధనలే నిషేధించాయి. అందుకే ఆ సైట్లు ఇక్కడ వేరేవాళ్ల పేరున్న అద్దె ఖాతాల్లోకి యూపీఐ చేయించుకుంటాయి, గెలుపు కూడా వాటిలోంచే పంపుతాయి. ఆ ఖాతా మీద ఎక్కడో ఎవరో 1930 ఫోన్ నంబరుకి సైబర్ మోసం ఫిర్యాదు చేస్తే, దాంట్లోంచి డబ్బు వెళ్లిన ప్రతి ఖాతా మీదా పోలీసులు హోల్డ్ పెట్టిస్తారు. గెలిచింది 4,000 అయినా జీతం ఖాతా మొత్తం స్తంభించొచ్చు. అప్పుడు ఫిర్యాదు నమోదైన రాష్ట్రపు సైబర్ స్టేషన్‌కి ఆ 4,000 ఎలా వచ్చాయో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. సైటు డబ్బు ఎగ్గొడితే దావా కూడా నిలవదు, కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు.

#14 మనోబలం

దానికి ఒక్కటి కలుపుతాను. మూతపడిన యాప్‌ల పేరుతో "మీ పాత బ్యాలెన్స్ తిరిగిస్తాం, ముందు రుసుము కట్టండి" అని మెసేజీలు వస్తాయి. ఓడిపోయింది రాబట్టాలన్న ఆత్రం ఉన్నవాళ్లే వీటికి ముందు పడతారు. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఈ సంగతి ఈ రోజే చెప్పండి. అసలు యాప్‌లో బ్యాలెన్స్ మిగిలి ఉంటే ఆ యాప్‌లోంచే విత్‌డ్రా పెట్టాలి. ఫోన్లో ఎవరైనా రుసుము అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బుని అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.